దుబాయ్ కాల్ కలవట్లేదని ఫ్రీ వీపీఎన్ వేసుకోవద్దు

ప్రశ్న: మా తమ్ముడు షార్జాలో పనిచేస్తాడు. వాట్సాప్‌లో మెసేజ్‌లు వస్తాయి కానీ కాల్ ఎత్తితే మాట వినపడదు. రూమ్‌లో వాళ్లు ఏదో ఫ్రీ వీపీఎన్ ఏపీకే పంపారట, మమ్మల్ని కూడా వేసుకోమంటున్నాడు. వేసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, జగిత్యాల

జవాబు: వద్దమ్మా. వీపీఎన్ అంటే మన ఇంటర్నెట్‌ను వేరేవాళ్ల సర్వర్ మీదుగా తిప్పే యాప్, ఏపీకే అంటే ప్లే స్టోర్‌తో పనిలేకుండా నేరుగా వేసుకునే యాప్ ఫైల్. సిరిసిల్ల, నిజామాబాద్, కోనసీమ, ఎక్కడి నుంచి చూసినా ఇదే ప్రశ్న. కాల్‌ను ఆపుతున్నది యూఏఈలోని టెలికాం కంపెనీలు. లైసెన్స్ లేని ఇంటర్నెట్ కాల్స్‌ను అక్కడి నియంత్రణ సంస్థ టీడీఆర్‌ఏ ఒప్పుకోదు. అడ్డంతా అటువైపే ఉన్నప్పుడు మీరు జగిత్యాలలో వీపీఎన్ వేసుకుంటే ఒరిగేదేమీ లేదు.

నా భయమల్లా ఆ ఏపీకే గురించే. వీపీఎన్ ఆన్ చేయగానే ఫోన్‌లోంచి వెళ్లే డేటా అంతా ముక్కూమొహం తెలియనివాడి సర్వర్ మీదుగా పోతుంది, మీ నెట్‌వర్క్‌ను ఇది గమనించగలదని ఆండ్రాయిడ్ ఒక పెట్టెలో చెబుతూనే ఉంటుంది, మనవాళ్లు చదవకుండా ఓకే నొక్కేస్తారు. ఇంత పెద్ద అనుమతిని ఒక్క ఓకేతో ఇచ్చేలా పెట్టడం కూడా నాకు నచ్చదు. దాంతోపాటు ఎస్‌ఎంఎస్, యాక్సెసిబిలిటీ (స్క్రీన్ మీద ఉన్నది చదివే, మన బదులు నొక్కే) అనుమతులు కూడా అడిగి తీసుకుందంటే ఇక ఓటీపీలు వాడి చేతిలో ఉన్నట్టే, ఇంటికి డబ్బు పంపే బ్యాంకు యాప్ కూడా అదే ఫోన్‌లో ఉంటుంది కదా. 2024 మేలో అమెరికా న్యాయశాఖ ‘911 ఎస్5’ అనే నెట్‌వర్క్‌ను మూయించింది. మాస్క్ వీపీఎన్, డ్యూ వీపీఎన్ లాంటి ఉచిత యాప్‌లు వేసుకున్నవాళ్ల కంప్యూటర్లను నేరగాళ్లకు అద్దెకిచ్చారు, అలా వాడుకున్న (ఇంటర్నెట్‌లో ఒక్కో కనెక్షన్‌కు ఉండే నంబర్లు) ఐపీ అడ్రస్‌లు 1.9 కోట్లకు పైనే.

పైగా చట్టం. యూఏఈలో వీపీఎన్ వాడటమే నేరం కాదు, కంపెనీలు, బ్యాంకులు వాడుతూనే ఉంటాయి. ఐపీ అడ్రస్ దాచి నేరం చేస్తే మాత్రం 2021 నాటి 34వ నంబరు చట్టం కింద జైలు, 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హామ్‌ల జరిమానా. కూలి పనికి వెళ్లినవాడు ఆ రిస్క్ ఎందుకు తీసుకోవాలి?

అసలు ఈ నిషేధమే నాకు అన్యాయంగా అనిపిస్తుంది. పిల్లల మొహం చూడటానికి వీడియో కాలే దిక్కయినవాళ్ల మీదే దీని భారమంతా పడుతోంది. సౌదీ 2017లోనే సడలించింది, వీళ్లకేం అడ్డం?

ప్రస్తుతానికి బోటిమ్ అనే కాలింగ్ యాప్ వాడండి, దానికి అక్కడ అనుమతి ఉంది, ఇద్దరి ఫోన్లలోనూ ఉండాలి. గూగుల్ మీట్, జూమ్ కూడా అక్కడ అనుమతించిన జాబితాలోనివే. ఏదైనా ప్లే స్టోర్ నుంచే దించుకోండి. తమ్ముడు ఆ ఏపీకే ఇప్పటికే వేసుంటే దాన్ని తీసేసి, ఫోన్ రీసెట్ చేసి, బ్యాంకు పాస్‌వర్డ్‌ను వేరే ఫోన్ నుంచి మార్చుకోమనండి. ఈ రాత్రికే.