17 ఏళ్లకే షూ కంపెనీ కాంట్రాక్టా, కాలేజీ స్కాలర్‌షిప్పా?

ప్రశ్న: మేం అమెరికాలో ఉంటాం. ఇక్కడే పుట్టిన మా అబ్బాయికి 17 ఏళ్లు, 800 మీటర్ల పరుగులో మంచి పేరు తెచ్చుకున్నాడు. ఒక యూనివర్సిటీ పూర్తి స్కాలర్‌షిప్ ఇస్తానంటోంది. ఒక షూ కంపెనీ ఏడాదికి 60,000 డాలర్ల చొప్పున నాలుగేళ్ల కాంట్రాక్టు ఇస్తానంటోంది. వాడి మనసు కాంట్రాక్టు మీదే ఉంది. మాకేమో టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: కాలేజీకే పంపండి. అయితే నాలుగేళ్ల మాట ఇప్పుడే వద్దు. ముందు ఒక్క ఏడాది అనుకోండి.

ఆ 60,000లో చేతికొచ్చేది ఎంతో చూడండి. మీవాడు కంపెనీకి ఉద్యోగి కాడు, ఇండిపెండెంట్ కాంట్రాక్టర్. పన్ను ఎవరూ పట్టుకోరు, ఏడాదికి నాలుగు విడతల్లో తనే కట్టాలి. ఏజెంటు కమిషన్ సాధారణంగా 15 శాతం, అంటే 9,000 పోతుంది. మిగిలిన 51,000 మీద సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్ (సొంతంగా సంపాదించేవాళ్లు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్‌ల కోసం కట్టేది) ఒక్కటే దాదాపు 7,200. ఉండేది 43,800. ఆదాయపు పన్ను, ఇంటి అద్దె, ఫిజియో, ప్రయాణాలు అన్నీ అందులోంచే. ఖర్చులు చూపిస్తే పన్ను కొంత తగ్గుతుంది కానీ, ఆ ఖర్చు మాత్రం జేబులోంచి పోయేదే. ప్రైజ్‌మనీతో సర్దుకోవచ్చు అనుకోకండి. 2025 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో స్వర్ణం గెలిస్తే వచ్చింది 70,000 డాలర్లు. అది ప్రపంచంలో మొదటివాడికి!

ఇంకా నన్ను భయపెట్టేది రిడక్షన్ క్లాజు. గాయమై ఒప్పుకున్నన్ని రేసులు పరిగెత్తలేకపోయినా, ర్యాంకు పడిపోయినా డబ్బు తగ్గించే హక్కు చాలా షూ కాంట్రాక్టుల్లో కంపెనీకి ఉంటుంది. ఎదిగే వయసు ఎముకల్లో స్ట్రెస్ ఫ్రాక్చర్లు రన్నర్లకు కొత్తేమీ కాదు. అప్పుడు డబ్బు తగ్గుతుంది, ఒకసారి ప్రొఫెషనల్ అయ్యాడు కాబట్టి కాలేజీ జట్టులోకి తిరిగి వెళ్లే దారీ దాదాపు మూసుకుపోతుంది.

పైగా, కాలేజీకి వెళ్తే డబ్బు రాదన్నది పాత మాట. 2021 జులై నుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరు, ఫొటో వాడుకునే కంపెనీల నుంచి ఎన్‌ఐఎల్ ఒప్పందాల కింద డబ్బు తీసుకోవచ్చు. 2025 జులై నుంచి యూనివర్సిటీలే నేరుగా చెల్లించవచ్చు కూడా. కాకపోతే అందులో సింహభాగం ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ ఆటగాళ్లకే పోతుంది, ట్రాక్ వాళ్లు పెద్దగా ఆశపడకూడదు. (ఇది చదివే మిగతా తల్లిదండ్రులకు ఒక మాట: మీ పిల్లలు ఎఫ్-1 లేదా హెచ్-4 వీసా మీద ఉంటే ఎన్‌ఐఎల్ సంతకానికి ముందే ఇమిగ్రేషన్ లాయర్‌ని కలవండి. స్టేటస్‌కే ముప్పు రావచ్చు.)

ఒక్క ఏడాది అని ఎందుకన్నానంటే, 400 మీటర్ల హర్డిల్స్ రన్నర్ సిడ్నీ మెక్‌లాఫ్లిన్ కెంటకీ యూనివర్సిటీలో ఒక్క సీజన్ పరిగెత్తి 2018లో ప్రొఫెషనల్ అయ్యారు. మీవాడి ఈవెంటులోనే అథింగ్ ము టెక్సస్ ఏ అండ్ ఎమ్‌లో ఒక్క సీజన్ తర్వాత 2021లో ప్రొఫెషనల్ అయి, ఆ వేసవిలోనే టోక్యో ఒలింపిక్స్‌లో 800 మీటర్ల స్వర్ణం గెలిచారు. నిజంగా ఆ స్థాయి ఉంటే ఏడాది ఆగినందుకు ఆఫర్ పెరుగుతుందే గానీ పోదు. స్థాయి లేకపోతే, ఆ సంగతి డిగ్రీ చదువుకుంటూ తెలుసుకోవడం ఎంతో నయం.

నా సలహా మారాలంటే కాంట్రాక్టులో రెండు ఉండాలి: గాయమైనా మొదటి రెండేళ్లు తగ్గించకుండా ఇచ్చే గ్యారంటీ, ఎప్పుడు చదివినా నాలుగేళ్ల ఫీజు కంపెనీయే కడుతుందన్న హామీ. ఇవి గొంతెమ్మ కోరికలు కావు. స్ప్రింటర్ అలిసన్ ఫెలిక్స్ 2003లో హైస్కూల్ అవగానే అడిడాస్‌తో సంతకం చేసినప్పుడు, సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీలో ఆమె చదువు ఖర్చు కంపెనీయే భరించింది.

యూనివర్సిటీనీ గట్టిగా అడగండి. స్కాలర్‌షిప్ ఏడాదికోసారి రెన్యూ చేసేదా, నాలుగేళ్లకు కలిపి రాసిచ్చేదా? గాయపడితే, కోచ్ మారితే ఉంటుందా? జవాబు కాగితం మీద తీసుకోండి. రెండు కాగితాలూ గంటల లెక్కన ఫీజు తీసుకునే స్పోర్ట్స్ లాయర్‌కి చూపించండి. సంతకం పెడితేనే కమిషన్ వచ్చే ఏజెంటు మాట ఒక్కటే నమ్మి ముందుకెళ్లకండి.