ఆసియా కప్పు చూడబోయే అల్లుడికి

చిరంజీవి అల్లుడికి, మామ ఆశీర్వదించి రాసేది. ఇక్కడ జగిత్యాలల అందరం మంచిగున్నం. మీ అమ్మ మోకాళ్ల నొప్పి కూడా జర తగ్గింది.

మొన్న ఫోన్ల నువ్వొక మాట అడిగినవు. 2027 జనవరి 7 నుంచి ఫిబ్రవరి 5 దాకా సౌదీల ఆసియా కప్పు ఫుట్‌బాల్ ఉన్నదట, మన ఇండియా లేనప్పుడు టికెట్‌కు పైసలు పెట్టుడు దండగ కదా మామా అని. నేను జవాబు చెప్పేలోపే మీ డ్యూటీ బస్సు వచ్చింది. అందుకే రాస్తున్న.

దండగ కాదు. నేను దోహాల ఉన్నప్పుడు ఈ కప్పు రెండుసార్లు అక్కడికే వచ్చింది, 2011ల ఒకసారి, 2024 మొదట్ల ఒకసారి. రెండుసార్లూ ఇండియా ఆడింది, రెండుసార్లూ మూడింటికి మూడు ఓడింది. 2011ల ఆస్ట్రేలియా నాలుగు, బహ్రెయిన్ ఐదు, దక్షిణ కొరియా నాలుగు గోల్స్ కొట్టినయి. మనవాళ్లు అన్నిట్ల కలిపి కొట్టినవి మూడు. 2024ల ఆ మూడు కూడా లేవు. ఆస్ట్రేలియాతో 2–0, ఉజ్బెకిస్తాన్‌తో 3–0, సిరియాతో 1–0. జెండాలు కప్పుకొని పోయినోళ్లు జెండాలు మడిచి సంచుల పెట్టుకొని వచ్చిన్రు. మళ్లీ స్టేడియం మొఖం చూడలేదు. వాళ్లు పోగొట్టుకున్నది ఇంతా అంతా కాదు, ఎందుకంటే అసలు కప్పు అప్పటినుంచే మొదలైంది. ఈసారి గోవాల సింగపూర్ చేతిల 2–1తో ఓడి మనోళ్లు రాకనే పోయిన్రు. కోపం నాకూ ఉన్నది. కానీ ఆ కోపంతోని నీ ఇంటి ముందటికి వచ్చిన పండుగను వదులుకోకు.

ముందుగాల లెక్క తెలుసుకో, లేకుంటే సగం మజా పోతది. 24 జట్లు, ఆరు గ్రూపులు. ఒక్కో గ్రూపుల మొదటి ఇద్దరు ముందుకు పోతరు. మూడో స్థానంల ఉన్న ఆరు జట్లల్ల మంచి నలుగురు కూడా పోతరు. అంటే ఒక్క ఆట గెలిచినా ఆశ మిగులుతది. 2024ల ఇండోనేషియా ఇరాక్ చేతిల, జపాన్ చేతిల ఓడి, వియత్నాం మీద ఒక్కటి గెలిచి ముందుకు పోయింది. జోర్డాన్ అయితే గ్రూపుల మూడోదిగ వచ్చి ఏకంగా ఫైనల్ దాకా పోయింది. ఇంకో కిరికిరి చెప్త. ఒకే గ్రూపుల ఇద్దరికి పాయింట్లు సమానమైతే గోల్స్ తేడా చూడరు, ముందు ఆ ఇద్దరి మధ్య ఆట ఎవరు గెలిచిన్రో చూస్తరు. మూడో స్థానపోళ్లను పోల్చేటప్పుడు మాత్రం వేరే వేరే గ్రూపులోళ్లు కాబట్టి గోల్స్ తేడానే. ఇది తెల్వక పక్క సీటోళ్లతోని వాదన పెట్టుకునేటోళ్లను మస్తుమందిని చూసిన.

అందుకే నా మాట వింటే గ్రూపుల మూడో ఆటలకు టికెట్ తీసుకో. ఆ రోజు ఒక గ్రూపుల రెండు ఆటలూ ఒకే టైముకు మొదలైతయి. ఇక్కడ గోల్ పడితే అక్కడోని గుండె ఆగుతది. ఫోన్ల రెండో ఆట స్కోరు పెట్టుకొని కూర్చో. 2019ల అబుదాబిల మనవాళ్లు థాయిలాండ్‌ను 4–1తో ఉతికిన్రు. చివరి ఆటల బహ్రెయిన్‌తో డ్రా చేసుకుంటే చాలు. ఆట అయిపోతుందనంగ పెనాల్టీ ఇచ్చి 1–0తో ఓడిపోయిన్రు. గ్రూపుల ఆఖరు. మన చేతిల నాలుగు గోల్స్ తిన్న థాయిలాండ్ మాత్రం ముందుకు పోయింది. మూడో ఆట అంటే అదీ.

ఎవరి జట్టు చూడాల్నంటవా? మీ సైట్ల జోర్డాన్ ఫోర్‌మన్ ఉన్నడంటివి కదా, ఆయనతోని పో. పాలస్తీనా డ్రైవర్ ఎవరన్నా తెలిస్తే వాళ్ల ఆటకు పో. 2024ల పాలస్తీనా హాంకాంగ్‌ను 3–0తో కొట్టి మొదటిసారి గ్రూపు దాటింది. ఆ రోజుల్ల గాజాల ఏం జరుగుతుందో లోకమంతా చూస్తున్నది. ఆ జట్టు అట్ల ఆడుడే ఒక ఎత్తు. జపాన్, కొరియా జట్లు చక్కగ ఆడుతయి, కాదన. కానీ కప్పు మీద ఆశ లేనోడు రౌండు దాటినప్పుడు ఏడ్చే ఏడుపు జపానోడు కప్పు ఎత్తినా ఏడ్వడు. తజికిస్తాన్ మొట్టమొదటిసారి వచ్చి క్వార్టర్ ఫైనల్ దాకా పోయింది. దాని ఆటలకు టికెట్లు సుతం అగ్గువకే దొరికినయి.

సౌదీ ఆటలకు మాత్రం తొందరపడకు. ఊరు వాళ్లది. టికెట్లు దొరుకుడే కష్టమైతది. వాళ్లు 1984, 1988, 1996ల మూడుసార్లు గెలిచిన్రు. ఆ తర్వాత కప్పు ముట్టలేదు. అందుకే సౌదీ ఓడిన తెల్లారి మీ ముదీర్ (మేనేజర్) ముందట ఆ ముచ్చట తియ్యకు. 2024ల కొరియా మీద సౌదీ 1–0తో ముందున్నది, తొంభై నిమిషాలు దాటినంక ఇంజురీ టైముల కొరియా సమం చేసింది. ఆట పెనాల్టీల దాకా పోయింది, అవి ఇంకా అయిపోకముందే సౌదీ కోచ్ మాన్చినీ లోపలికి నడిచి పోయిండు. సౌదీ దోస్తులు ఇప్పటికీ దాని మీదనే గులుగుతరు.

ఆ కోచ్ తీరుగ నువ్వు చెయ్యకు. గల్ఫ్‌ల ఒక పాడు అలవాటుంది, 80వ నిమిషం రాంగనే మెట్రో రద్దీ అవుతదని జనం లేస్తరు. 2024ల ఇరాక్, జోర్డాన్ ఆట దోహా ఖలీఫా స్టేడియంల జరిగినప్పుడు లేసిపోయినోళ్లు ఏమైందో తర్వాత ఫోన్ల చూసుకున్నరు. ఐమన్ హుసేన్ గోల్ కొట్టి ఇరాక్‌ను 2–1కి తెచ్చిండు. ఆ సంబురంల మైదానంల కూర్చుండి గడ్డి తింటున్నట్టు చేసిండు. రెఫరీ రెండో పసుపు కార్డు చూపెట్టి బయటికి పంపిండు. పది మందితోని మిగిలిన ఇరాక్ మీద జోర్డాన్ ఇంజురీ టైముల రెండు గోల్స్ కొట్టి 3–2తో గెలిచింది. నీకు రైలు తప్పితే ఇంకో రైలు దొరుకుతది.

సీటు గురించి. కింది వరుస సీటుకు ఎక్కువ పైసలు పెట్టకు. టీవీల బంతే కనిపిస్తది. పైన మూల సీటుల కూర్చుంటే బంతి లేనోడు ఎటు ఉరుకుతుండో కనిపిస్తది. గోల్ అక్కడ పుడుతది. దోహాల టికెట్లు 25 రియాళ్ల నుంచి దొరికినయి, సౌదీల ఎంత పెడతరో చూడాలె. టికెట్ టోర్నీ సొంత సైట్ల తప్ప ఎక్కడా కొనకు. వాట్సాప్‌ల స్క్రీన్‌షాట్ పంపి పైసలు అడిగేటోడు ఎవడైనా సరే, మన ఊరోడైనా సరే, వద్దను. ఫైనల్ కోసం అప్పు చెయ్యకు. 2024 ఫైనల్‌ల ఖతార్ 3–1తో జోర్డాన్ మీద గెలిచింది. ఆ మూడు గోల్స్ మూడూ పెనాల్టీలే, మూడూ అక్రమ్ అఫీఫే కొట్టిండు. కప్పు వచ్చింది గానీ, అది ఆటనా? సెమీఫైనల్‌ల జోర్డాన్ కొరియాను 2–0తో కొట్టింది చూడు, అదీ ఆటంటే.

నువ్వుండే రియాద్‌ల ఇప్పుడు మెట్రో ఉన్నది కాబట్టి నీకు సులువు. ఖోబర్ ఆటలకు దమ్మాం దాకా రైలుల పోవచ్చు. జిద్దా మాత్రం మర్చిపో. ఒక్క ఆట కోసం తొమ్మిది వందల కిలోమీటర్లు పోయి తెల్లారి డ్యూటీకి నిద్రమొఖంతోని ఎక్కితే ముదీర్ ఊకోడు. నాకౌట్ ఆట అయితే ఎక్స్‌ట్రా టైము, పెనాల్టీలు కలిపి మస్తు రాత్రి అయితది, వచ్చుడు ఎట్లనో ముందే చూసుకో. జనవరి రాత్రి రియాద్‌ల చలి నీకు నేను చెప్పాల్నా, స్వెటర్ ఏసుకో. ఇకామా (సౌదీల ఉండే పర్మిట్ కార్డు) జేబుల ఉండాలె. సెలవు కోసం చివరి వారంల అడగకు. ఇప్పటినుంచే ఎవని జుమ్మా (శుక్రవారం) డ్యూటీ నువ్వు చేస్తే వాడు నీది చేస్తడో మాట్లాడుకో.

రూముల కేరళోళ్లు "మీకు క్రికెట్ తప్ప ఏం తెలుసు" అంటే కొట్లాడకు. హైదరాబాద్ రహీం సాబ్ పేరు చెప్పు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌ల ఇండియాను నాలుగో స్థానానికి తెచ్చింది, 1962 జకార్తాల కొరియాను ఓడగొట్టి ఆసియా క్రీడల బంగారం తెచ్చింది ఆయన కోచింగే. 1964ల ఇదే ఆసియా కప్పుల ఇండియా రెండో స్థానం. అప్పుడు ఆడింది నాలుగే జట్లని మాత్రం వాళ్లు అడిగితేనే చెప్పు.

టికెట్ల అమ్మకం ఎప్పుడు మొదలైతదో తెలువంగనే నాకు పంపు. ఆటల పట్టిక ముందటేసుకొని ఏవి పట్టాల్నో ఫోన్ల ఇద్దరం చూద్దాం. జుమ్మా రోజు చెయ్యి, మిగతా రోజులల్ల నేను పొలం కాడ ఉంటె సిగ్నల్ దొరకదు.

ఇట్లు,
నీ మామ