వెనకాల తగిలించేదీ బండే, అమ్మలూ

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. ముందు నా షుగర్ ఎంతుందో అడిగింది, తర్వాత చింతపండు రేటు గురించి మాట్లాడింది, ఫోన్ పెట్టేయబోతూ అసలు సంగతి చెప్పింది. నువ్వు మీ నాన్న బొలేరోకి వెనకాల ట్రైలర్ తగిలించి, అందులో పొయ్యిలూ పెనాలూ పెట్టుకుని, రోజూ పొద్దున్నే మన విశాఖ రుషికొండ బీచ్‌కి తీసుకెళ్ళి టిఫిన్లు అమ్ముతావట. "ఒరేయ్, దానికి నువ్వైనా చెప్పరా, నా మాట వినదు" అంది. వద్దని చెప్పమందో, జాగ్రత్తలు చెప్పమందో నాకు అర్థం కాలేదు. నేను మాత్రం వద్దని చెప్పను. క్లచ్చికి కాలు అందక వీపు వెనక దిండు పెట్టుకుని అదే బొలేరో నేర్చుకున్న పిల్లవి నువ్వు. ఫోన్ పెట్టాక నాలో నేనే నవ్వుకున్నాను. ఆ తర్వాత తెల్లారేదాకా నిద్ర పట్టలేదు.

ఎందుకు పట్టలేదో కింద చెప్తాను. ముందు కాయితాల సంగతి చెప్పేస్తాను, ఆ కథ మొదలుపెడితే మళ్ళీ ఇటు రాలేను.

ఆటోనగర్‌లో ఏదో వెల్డింగ్ షాపువాడు చవగ్గా చేసిస్తానన్నాడట కదా. "ఇంజినే లేని డబ్బాకి రిజిస్ట్రేషన్ ఏంటి మేడమ్" అని కూడా అని ఉంటాడు. అనకపోతే నన్నడుగు. వాడు మంచోడే అయ్యుండొచ్చు, వెల్డింగ్ బ్రహ్మాండంగా చేస్తాడేమో, కానీ 1988 మోటారు వాహనాల చట్టంలో ట్రైలర్ అంటే మోటారు బండి వెనక లాక్కెళ్ళే ఒక బండి, దానికి ఇంజిన్ ఉందా లేదా అని ఎవరూ అడగరు, రిజిస్ట్రేషన్ చేయించాలి, అంతే. మరి రిజిస్ట్రేషన్‌కి వెళ్తే అమ్మినవాడు ఇచ్చే ఫారం 21, బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని తయారు చేసినవాళ్ళు ఇచ్చే ఫారం 22 అడుగుతారు. ఆ వెల్డింగ్ షాపులో నీకిచ్చేది మహా అయితే ఒక కచ్చా బిల్లు. కాబట్టి ఆమోదం ఉన్న మోడల్ కట్టే కంపెనీ దగ్గరే కొను, డబ్బులు ఎక్కువైనా సరే. సెకండ్ హ్యాండ్ కొంటే ఆర్‌సీలో ఉన్న ఛాసిస్ నంబరూ, ఫ్రేము మీద గుద్దిన నంబరూ ఒకటేనా అని నువ్వే వంగి చూడు. పెయింట్ కింద ఉంటే గీకి చూడు, అమ్మేవాడు ఏమనుకుంటాడో అని మొహమాటపడకు.

నంబరు వచ్చాక ఒక చిత్రం ఉంది, ఇది చాలామందికి తెలీదు. ట్రైలర్ సొంత నంబరు దాని పక్కన రాయాలి. వెనకాల మాత్రం దాన్ని లాగుతున్న బండి నంబరు ఉండాలి, అంటే మీ నాన్న బొలేరో నంబరు. లాగే బండి నంబరు వెనక లేకుండా నడపకూడదని అదే చట్టంలో 61వ సెక్షన్‌లో ఉంది. వెనకనించి చూసేవాడికి బొలేరో ప్లేటు కనపడదు కదా, అందుకన్నమాట.

నువ్వు చేసేది వ్యాపారం కాబట్టి అది సొంత బండి కాదు, రవాణా బండి కిందికి వస్తుంది. ఎఫ్‌సీ, అంటే బండి రోడ్డుకి పనికొస్తుందన్న ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఉంటుంది, దానికి బండిని పరీక్ష చేస్తారు. దాన్ని సరుకు బండిగా రాస్తే, మొత్తం బరువు మూడు టన్నులు దాటనంతవరకు పర్మిట్ అక్కర్లేదు, అదొక్కటీ వెసులుబాటు. బొలేరో సొంత బండిగా రాసుంది కాబట్టి, రెండూ కలిపి వ్యాపారానికి తిప్పుతానని ముందే ఆర్టీవో ఆఫీసులో చెప్పి, ఏమేం మార్పించాలో కాయితం మీద రాయించుకో. బయట చెట్టు కింద కూర్చునే ఏజెంటు మాట నమ్మి రాకు. బొలేరో వెనకాల హుక్కు బిగించే ముందు కూడా ఇదే మాట. ఆర్‌సీలో ఉన్నదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 52వ సెక్షన్ ఉంది. ఆ బండి ఎంత బరువు లాగగలదో కంపెనీ పుస్తకంలో ఉంటుంది, ట్రైలర్‌కి సొంత బ్రేకులుంటే ఒక లెక్క, లేకపోతే ఇంకో లెక్క. ఆ పుస్తకం మీ నాన్న బీరువాలో నీలం కవర్లో పెట్టేవాడు, చూడు.

లైసెన్సుకి ఢోకా లేదు. ఏడున్నర టన్నుల లోపు రవాణా బండ్లకి ఎల్‌ఎంవీ లైసెన్సు, అంటే కార్లలాంటి తేలిక బండ్ల లైసెన్సు, చాలని సుప్రీంకోర్టు 2024 నవంబరులో తేల్చి చెప్పింది.

జరిమానాల గురించి పెద్దగా చెప్పను. రిజిస్ట్రేషన్ లేకపోతే మొదటిసారి అయిదు వేల దాకా, ఓవర్‌లోడ్ అయితే ఇరవై వేలూ, ఆ పైన టన్నుకి రెండు వేలూ. సామాను పక్కకో వెనక్కో హద్దు దాటి పొడుచుకొచ్చినా ఇరవై వేలే. మా రోజుల్లో షామియానా గొట్టాలు నాలుగడుగులు బయటికి వేలాడేవి, చివర ఎర్రగుడ్డ కట్టి ఊరంతా తిరిగేవాళ్ళం. ఇప్పుడు నువ్వు ఆ పెద్ద గొడుగు కర్రలు అలా వేలాడేసుకుని హనుమంతవాక సిగ్నల్ దగ్గర ఆగావంటే ఫొటో తీసేస్తారు. అయినా చలానా కట్టుకుంటే పోతుంది. నా భయం చలానా గురించి కాదు.

హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు నువ్వు హైదరాబాద్ హాస్టల్లో ఉన్నావు. 2014 అక్టోబరు 12, ఆదివారం. ఆ తర్వాత మన ఊరెలా ఉందో నీకు ఫొటోల్లోనే తెలుసు. కైలాసగిరి మీద పచ్చని ఆకు లేదు, కరెంటు లేదు, ఫోన్లు లేవు, నీళ్ళ బిందెకి కొట్లాటలు. నా షామియానా సామాను సగం ఎగిరిపోయింది కానీ జీపు మాత్రం బతికింది. నాలుగోరోజున తెలిసినాయన ఒకడు వచ్చి, మధురవాడలో ఒక అపార్ట్‌మెంట్ వాళ్ళకి జనరేటర్ కావాలి, ట్రాలీ మీద ఉంది, లాక్కెళ్ళి పెట్టగలవా, పై అంతస్తుల్లో ముసలాళ్ళున్నారు, మోటారు లేక నీళ్ళెక్కట్లేదు అన్నాడు. డబ్బులు కూడా మాట్లాడలేదు. ఊళ్ళో అందరం అలాగే ఉన్నాం అప్పుడు.

ట్రాలీకి పిన్ను లేదు. హుక్కులో దూర్చే పిన్ను, దాని కింద పడిపోకుండా పెట్టే చిన్న క్లిప్పు, రెండూ తుపానులో ఎక్కడో పోయాయి. నా దగ్గర షామియానా సామానులో ఒక పొడుగు బోల్టు ఉంది. సరిగ్గా సరిపోలేదు, కొంచెం వదులు. నట్టు ఎక్కలేదు, మర పాడైపోయింది. బైండింగ్ వైరు తీసుకుని కింద నాలుగు చుట్లు చుట్టాను. గొలుసు వేద్దామా అని నా దగ్గర పనిచేసే కుర్రాడు అడిగాడు. గొలుసు ఉంది కూడా, గేటుకి వేసేది. "పది కిలోమీటర్లకి గొలుసెందుకురా" అన్నాను. ఈ మాట నా నోటితో నేనే అన్నాను అమ్మలూ, ఇంకెవరి మీదికో నెట్టడానికి లేదు.

దారిలో ఎండాడ ఎత్తు ఎక్కేటప్పుడు బాగానే ఉంది. దిగుతుంటే వెనక టక్కుమని ఒక చప్పుడు, ఆ వెంటనే జీపు తేలికైపోయింది. భలే లాగుతోందే అనుకున్నాను, నిజంగా, ఒక్క క్షణం సంతోషపడ్డాను. తర్వాత ఎడమపక్కన ఏదో కదులుతోందని చూస్తే నా ట్రాలీ. నన్ను దాటుకుని పోతోంది. ముక్కు రోడ్డుకి రాసుకుని నిప్పురవ్వలు లేస్తున్నాయి. దాని మీద టన్ను బరువు జనరేటర్, ముందు చక్రం లేదు, బ్రేకు లేదు, మనిషి లేడు. నేను హారన్ కొట్టాను. కొట్టడం తప్ప ఏం చెయ్యను?

రోడ్డు పక్కన పడిపోయిన చెట్టు నరుకుతున్నారు నలుగురు. ముగ్గురు దూకేశారు. నాలుగోవాడి కాలు కొమ్మల్లో ఇరుక్కుంది. ఇరవై రెండేళ్ళుంటాయి. మోకాలి కింద ఎముక రెండు చోట్ల విరిగింది. అంబులెన్సుకి ఫోన్ కలవదు. అదే జీపులో కేజీహెచ్ ఆసుపత్రికి తీసుకెళ్ళాం. దారి పొడుగునా ఆ పిల్లాడు నన్ను ఒక్క తిట్టు తిట్టలేదు, "కత్తి అక్కడే ఉండిపోయింది, అది మేస్త్రీది" అంటాడు. ఆ మాట ఇప్పటికీ చెవిలో వినపడుతుంది.

తర్వాత సంగతి విను, నీకు కావలసింది ఇదే. జనరేటరాయన "నీ జీపుకి తగిలించాక అది నీ బాధ్యతే" అన్నాడు. ఇన్సూరెన్స్ వాళ్ళు పాలసీ తీసి చూశారు, జీపు ఉంది, ట్రాలీ పేరు ఎక్కడా లేదు. ట్రాలీకి అసలు నంబరే లేదు. పైసా రాదన్నారు. పోలీసు కేసు, మూడేళ్ళు కోర్టు చుట్టూ తిరుగుడు, చివరికి వడ్డీతో కలిపి రెండు లక్షల చిల్లర నేను కట్టాలని వచ్చింది. తుపానులో సామాను పోగొట్టుకున్నవాడికి రెండు లక్షలెక్కడివి? మీ నాన్న ఏమీ అడగలేదు. ఒకరోజు పొద్దున్నే వచ్చి టేబుల్ మీద కవరు పెట్టి, టీ తాగి వెళ్ళిపోయాడు. మీ అమ్మ గాజులు తాకట్టు పెట్టారని నాకు ఏడాది తర్వాత తెలిసింది, ఏదో పెళ్ళిలో మీ అమ్మ చేతులు చూసి. నేను వాటిని విడిపించేసరికి 2019 వచ్చింది. మీ నాన్న పోయేదాకా ఆ మాట మా ఇద్దరి మధ్య ఒక్కసారి కూడా రాలేదు. ఇప్పుడు అదే మనిషి బొలేరోకి, ఆయన కూతురు ట్రైలర్ కట్టుకుని, రోజూ పొద్దున్న అదే ఎండాడ ఎక్కి రుషికొండ వెళ్తానంటోంది. నాకు నిద్రెలా పడుతుంది?

అందుకని ఇన్సూరెన్స్ చేయించేటప్పుడు పాలసీ కాయితం మీద ట్రైలర్ నంబరు, ఛాసిస్ నంబరు నీ కళ్ళతో చదువు. "అన్నీ వచ్చేస్తాయి మేడమ్" అంటే ఒప్పుకోకు. ఇన్సూరెన్స్ లేకపోతే మొదటిసారి రెండు వేల జరిమానాయో మూడు నెలల దాకా జైలో, రెండూనో అని చట్టంలో ఉంది గానీ, ఆ రెండు వేలు ఎవడికి కావాలి, ఆ పిల్లాడి కాలు గురించి నేను చెప్తున్నాను. ఇంకోటి, హెల్పర్‌ని ట్రైలర్‌లో కూర్చోబెట్టకు. "పిండి ఒలికిపోతుందక్కా, పట్టుకుని కూర్చుంటా" అంటాడు. సరుకు బండిలో ఊరికే ఎక్కినవాళ్ళకి దెబ్బ తగిలితే ఇన్సూరెన్స్ కంపెనీ డబ్బు కట్టక్కర్లేదని సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పేసింది. పైగా పక్కన గ్యాస్ సిలిండర్లు. పిండి ఒలికితే ఒలకనీ.

పిన్ను కంపెనీదే వాడు, కింద క్లిప్పు పెట్టాక వేలితో లాగి చూడు. గొలుసులు రెండు, హుక్కు కింద ఒకదాన్నొకటి దాటేలా అడ్డంగా కట్టు, పిన్ను ఊడినా ముక్కు రోడ్డు మీద పడకుండా ఆ గొలుసుల మీద ఆగుతుంది. అయిదు నిమిషాల దూరమైనా కట్టు. మన ఊరి సముద్రపు గాలికి ఇనుము ఎలా తినేస్తుందో మీ డాబా మీద గేటు చూస్తే తెలుస్తుంది కదా, రుషికొండలో రోజూ నిలబెడితే ఇంకా త్వరగా పోతుంది. నెలకోసారి గ్రీజు. వెనక లైట్ల వైరు సాకెట్ కూడా తుప్పు పడుతుంది, బ్రేకు లైటు, ఇండికేటర్లు బయల్దేరే ముందు ఎవరినైనా వెనక నిలబెట్టి చూసుకో, ఎర్ర రిఫ్లెక్టర్లు తుడువు, పొద్దున్న అయిదింటికి చీకట్లో వెళ్తావు.

బరువు ఇరుసుకి కొంచెం ముందుకి ఉండాలి. మొత్తంలో పదో వంతు హుక్కు మీద పడేట్టు సర్దుకో. సిలిండర్లు, రుబ్బురోలు అన్నీ వెనక వేశావంటే స్పీడులో తోక ఊపినట్టు ఊగుతుంది. ఊగితే బ్రేకు తొక్కకు, యాక్సిలరేటర్ మీంచి కాలు తీసెయ్, స్టీరింగ్ తిన్నగా పట్టుకో, దానంతటది సర్దుకుంటుంది. నీళ్ళ డ్రమ్ము నింపితే పూర్తిగా నింపు, లేదా అక్కడికెళ్ళి నింపుకో. సగం నీళ్ళున్న డ్రమ్ము మలుపులో ఎలా తోస్తుందో చెప్తే నమ్మవు.

ఈ ఆదివారం పొద్దున్న ఆరింటికల్లా బొలేరో తీసుకుని తాటిచెట్లపాలెం వచ్చెయ్. షెడ్డు వెనక స్థలం ఖాళీగా ఉంది, మా వాడి పాత ట్రాలీ తగిలించి రివర్స్ నేర్పిస్తాను. నువ్వు ఎడమకి తిప్పితే అది కుడికి పోతుంది, మొదటి రోజు ఏడుపొస్తుంది, నాకూ వచ్చింది. కొత్త పిన్ను నేనే కొని ఉంచాను, రెండు క్లిప్పులతో.

గాజుల సంగతి నేను చెప్పానని మీ అమ్మతో అనకు. వచ్చేటప్పుడు ఆ రుషికొండలో అమ్మబోయే అల్లప్పచ్చడి ఒక డబ్బాలో వేసుకురా, మీ అత్త బెల్లం ఎక్కువైందంటోంది, నేను రుచి చూసి చెప్తాను.

మీ మావయ్య