ముక్కోణపు తెరచాపే మేలైతే, పెద్ద ఓడలు నలుచదరపువి ఎందుకు వాడాయి?

ముక్కోణపుది గాలికి మరింత ఎదురుగా పోగలదన్నప్పుడు మహాసముద్రాలు దాటిన ఐరోపా ఓడలకు నలుచదరపువి ఎందుకని మీ ప్రశ్న. దీనికి చాలామంది గుడ్డ ఆకారం గురించే చెబుతారు. అసలు సంగతంతా తాళ్లలో ఉంది.

నేరుగా ఎదురుగాలిలోకి ఏ తెరచాప ఓడా పోజాలదు; గాలిని ఒకసారి ఈ పక్క, ఒకసారి ఆ పక్క పట్టుకుంటూ వంకరటింకరగా పోవాలి. నలుచదరపు తెరచాపల ఓడ గాలి వచ్చే దిక్కుకు 65-70 డిగ్రీలకన్నా దగ్గరగా రావడం కష్టం. తెరచాప వేలాడే అడ్డకొయ్యను ఎంత లాగి తిప్పినా, స్తంభాన్ని పక్కలనుంచి బిగించిన మోకులు దానికి అడ్డు తగులుతాయి. ముక్కోణపుదానికి ఆ అడ్డు లేదు.

అయితే దానికి వేరే తలనొప్పి ఉంది. ముక్కోణపు తెరచాప కట్టే అరబ్బుల ధౌ ఓడ గాలిని ఒక పక్కనుంచి ఇంకో పక్కకు మార్చుకోవాలంటే ఎంత పనో చూడండి. ముందు చుక్కాని తిప్పి గాలిని వెనక్కి తెచ్చుకోవాలి. తెరచాప వెనక మూల తాడు వదిలేస్తే గుడ్డంతా ముందుకు ఎగురుతుంది. తెరచాప కట్టిన, వాలుగా ఉన్న పొడవాటి కొయ్య కింది కొసను విప్పి, స్తంభం మొదట్లోకి లాగి, కొయ్యను నిట్టనిలువుగా నిలబెట్టాలి. వెనక మూల తాడును స్తంభం ముందునుంచి అవతలి పక్కకు చుట్టి తేవాలి. ఆపైన కింది కొసను మళ్లీ ముందుకు తోసి కట్టాలి. ఈలోగా పక్క మోకులు కూడా మార్చాలి: గాలి వచ్చే వైపువి బిగించి, రెండో వైపువి వదులు చేయాలి. మూల తాడు చేజారితే గుడ్డ స్తంభానికి చుట్టుకుంటుంది. గాలి తప్పుడు వైపునుంచి కొడితే తెరచాప స్తంభానికి అతుక్కుపోతుంది, స్తంభమే విరగొచ్చు. అందుకే పెద్ద ధౌలో పాతిక ముప్పై మంది ఉండేవారు. రుతుపవనాలు ఆరు నెలలు అటు, ఆరు నెలలు ఇటు తోస్తుంటే ఈ పని రోజూ పడదు గనక వాళ్లకు సరిపోయింది.

 

నలుచదరపుదాని బలం, మొత్తం గుడ్డను ముక్కలుగా పంచుకోవడం. ఒక్కో స్తంభానికి మూడు నాలుగు తెరచాపలు. గాలి పెరిగితే పైనుంచి ఒక్కొక్కటీ చుట్టేస్తారు. ధౌలో మాత్రం కొయ్య మొత్తం దించి, చిన్న తెరచాప కట్టి మళ్లీ ఎత్తాల్సిందే, అదీ తుఫాను ముంచుకొస్తుండగా.

నిజానికి రెండూ కలిపినదే నాకు నచ్చుతుంది. 1997లో మన నౌకాదళంలో చేరిన ఐఎన్ఎస్ తరంగిణికి మూడు స్తంభాలు. ముందు రెండింటికి నలుచదరపువి, వెనకదానికి ఓడ పొడవునా నిలిచే తెరచాపలు. వెనకవి ఓడ తోకను నెట్టి, ముక్కును గాలివైపు తిప్పడానికి సాయపడతాయి. ఇలాంటిదాన్ని బార్క్ అంటారు. మూడో స్తంభానికి కూడా అడ్డకొయ్యలు కనిపిస్తే అది ఫుల్ రిగ్డ్ షిప్. ఫోటో చూసి రకం చెప్పాలంటే మొదట అన్నిటికన్నా వెనకున్న స్తంభం చూడండి.