కెనడాలో లాక్రాస్ (వల ఉన్న కర్రతో బంతిని పట్టి విసిరే ఆట) విజేతలకిచ్చే మింటో కప్ 1901 నాటిదైతే, 1930లలో పుట్టిన బాక్స్ లాక్రాస్ (రింకులో ఆడే లాక్రాస్) ఆడే జూనియర్ల చేతికి అది ఎలా వచ్చింది?

కప్పు పాతదే, ఆడేవాళ్లూ ఆటా మారారు: కెనడా గవర్నర్ జనరల్ లార్డ్ మింటో (మన మింటో-మార్లే సంస్కరణల మింటోయే) దాన్ని మైదానంలో ఆడే సీనియర్ జట్లకోసం ఇచ్చాడు, జూనియర్లకు దక్కింది 1937 నుంచే. మధ్యలో అది ప్రొఫెషనల్ జట్ల పాలైంది. వాళ్ల ఆట చల్లబడ్డాక కప్పుకు వేరే పని కావాల్సి వచ్చింది. అప్పటికే, వేసవిలో ఖాళీగా పడుండే ఐస్ హాకీ రింకుల్లో బాక్స్ లాక్రాస్ ఊపందుకుంది: మంచుండదు, జట్టుకు గోలీతో (గోల్ కీపర్‌తో) కలిపి ఆరుగురే, రింకు చుట్టూ ఉన్న గోడకు తగిలిన బంతి మళ్లీ ఆటలోకే వస్తుంది. అలా కప్పు ఈ ఆట ఆడే జూనియర్లకు చేరింది.

ఉదాహరణకు, 1908లో ఇదే కప్పు గెలిచిన న్యూ వెస్ట్‌మిన్‌స్టర్ సామన్‌బెల్లీస్ మైదానంలో ఆడిన పెద్దల జట్టు. 2014లో గెలిచిన సిక్స్ నేషన్స్ ఆరోస్ రింకులో ఆడిన కుర్రాళ్ల జట్టు. కప్పు పేరు ఒకటే కదా అని పాత విజయాలను కూడా జూనియర్ ఖాతాలో వేసేస్తుంటారు, అది తప్పు.