పాటల లిస్టు చూశాను తల్లీ

బుజ్జమ్మా,

నీ పెళ్లి పాటల లిస్టు మీ అమ్మ నిన్న రాత్రి వాట్సాప్‌లో పంపింది. పదిన్నరకు చూశాను, ఇక నిద్ర పట్టలేదు. సగం సంతోషం వల్ల. చర్చిలో నా పక్కన నేల మీద కూర్చుని హార్మోనియం తిత్తి నేనే ఆడిస్తానని పేచీ పెట్టిన పిల్లవి, ఇవాళ నీ పెళ్లి ఆరాధనకు నువ్వే పాటలు ఏరుకుంటున్నావు, ఈవెంట్ వాళ్లకు వదిలేయకుండా. మన ఇంట్లో పాట నాతో ఆగిపోతుందేమో అనుకునేవాణ్ణి, ఆగలేదు. మిగతా సగం ఆ లిస్టులో నాలుగో పాట వల్ల. ఈ ఉత్తరం అసలు దాని కోసమే రాస్తున్నాను, కానీ మిగతావి కూడా చెప్పకుండా ఉండలేను, ఓపిగ్గా చదువు.

ముందు చిన్నవి. లిస్టు పాస్టర్ అయ్యగారికి చూపించు, ఆయన సరేనన్నాకే ప్రింటుకు ఇవ్వు. పాటల కాగితం మీద అక్షరాలు పెద్దవిగా వేయించు, ముందు వరసల్లో కూర్చునే వాళ్లంతా కళ్లజోళ్ల వాళ్లే. క్వయర్‌తో కనీసం మూడు ప్రాక్టీసులు పెట్టుకో, అందులో ఒకటి చర్చిలోనే, ఆ మైకులతోనే.

కార్డులో సాయంత్రం నాలుగింటికి అని వేశారు. మనవాళ్లు నాలుగంటే ఐదింటికి ఇంట్లో బయలుదేరతారు. మన క్రైస్తవ వివాహ చట్టం 1872 నాటిది, దాని 10వ సెక్షన్ ప్రకారం మామూలుగా పెళ్లి ఉదయం 6 నుంచి సాయంత్రం 7 లోపు జరగాలి. అయ్యగారు గడియారం చూసుకుంటూ వాక్య ప్రసంగం కుదించుకునే పరిస్థితి తేవద్దు. నువ్వు ఏడు పాటలు పెట్టావు, ఒక్కో కీర్తన అన్ని చరణాలూ పాడితే ఆరేడు నిమిషాలు పడుతుంది. ఐదు చాలు. ఆరంభంలో ఒకటి, వాక్యానికి ముందు ఒకటి, సూత్రం కట్టాక దీవెన పాట, రిజిస్టర్ సంతకాలప్పుడు ఒకటి, చివర మంగళం. సంతకాల పాట మాత్రం పొడవుగా ఉండాలి, ఎందుకంటే మీరిద్దరూ పెట్టాలి, సాక్షులు పెట్టాలి, ఎవరో పెన్ను కోసం వెతుకుతారు, ఫొటో అతను మళ్లీ పెట్టినట్టు చెయ్యమంటాడు. ఆ పది నిమిషాలు ఊరికే వదిలేస్తే జనం కబుర్లలో పడతారు, మళ్లీ వాళ్లను ప్రార్థనలోకి తేవడం ఎంత కష్టమో హార్మోనియం దగ్గర కూర్చున్నవాడికి తెలుసు.

ప్రమాణాలప్పుడు, సూత్రం కట్టేటప్పుడు ఏమీ వాయించనివ్వకు. కీబోర్డు అబ్బాయి వెనకాల మెల్లగా ఏదో ఒకటి పెడతానంటాడు, సినిమాల్లోలా బాగుంటుందంటాడు. వద్దని చెప్పు. నీ గొంతు వణుకుతుంది, ఆ వణుకు మాకు వినపడనీ.

లోపలికి నడిచి వచ్చేటప్పుడు ఆ ఇంగ్లీషు పెళ్లి పాట పెట్టావు. కోప్పడను, అందరూ అదే పెడుతున్నారు. అది వాగ్నర్ రాసిన లోహెన్‌గ్రిన్ అనే ఆపెరాలోది, అంటే పాటలతో నడిచే నాటకం, 1850లో మొదటిసారి ఆడారు. కథలో ఆ పాట పెళ్లి అయిపోయాక వధూవరులను పడగ్గదికి తీసుకెళ్తూ పాడతారు, ఆ రాత్రే వాళ్ల కాపురం చెడిపోతుంది. కొన్ని సంఘాల్లో దాన్ని వాయించనివ్వరు కూడా. బయటికి వెళ్లేటప్పుడు పెట్టింది మెండెల్సన్ అనే సంగీతకారుడిది. దాన్ని షేక్‌స్పియర్ నాటకం కోసం 1842లో కట్టారు, మన గుంటూరికి మిషనరీ ఫాదర్ హయ్యర్ గారు వచ్చిన సంవత్సరమే అది. 1858లో విక్టోరియా రాణి పెద్దకూతురి పెళ్లిలో వాయించాక అందరికీ అలవాటైంది. అది ఉంచుకో, ఉత్సాహంగా ఉంటుంది. లోపలికి వచ్చేటప్పుడు మాత్రం మన కీర్తన ఏదైనా మాటలు లేకుండా వాయించమను, నీకు చిన్నప్పటి నుంచి వచ్చింది, అడుగు దానంతట అదే పడేది.

రికార్డు చేసిన ట్రాకుల మీద పాడించవద్దు. ట్రాక్ నాలుగు నిమిషాలంటే నాలుగు నిమిషాలే. నువ్వు గుమ్మం దగ్గర కుచ్చిళ్లు సర్దుకోవడానికి ఆగితే అది ఆగదు, నువ్వు త్వరగా వచ్చేస్తే నువ్వు నిలబడాలి, అది అయిపోవాలి. కీర్తనకు ఆ ఇబ్బంది లేదు. ఏ చరణం దగ్గరైనా పల్లవి ఎత్తుకుని ముగించుకోవచ్చు, సమయం ఉంటే ఇంకో చరణం పాడుకోవచ్చు. పురుషోత్తమ చౌదరి గారి లాంటి పెద్దలు 19వ శతాబ్దంలోనే ఈ నేల రాగాల్లో, తాళాల్లో కట్టి ఇచ్చిపోయారు, పుస్తకంలో కీర్తనల పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి చూడు. కరెంటు పోయినా ఆగదు. హార్మోనియం నేను తెస్తాను.

నీ లిస్టులో 'దేవర నీ దీవెనలు' లేదు. ఎలా మర్చిపోయావు తల్లీ? సూత్రం కట్టాక అదే పాడాలి. పుస్తకం తెరవకుండా ఆ చర్చిలో అందరూ పాడగలిగే పెళ్లి పాట అదొక్కటే, నువ్వు అక్కడ నిలబడి వినాల్సింది క్వయర్‌ను కాదు, నిన్ను ఎత్తుకుని పెంచిన వాళ్లందరి గొంతులూ. కీబోర్డు అబ్బాయి తన గొంతుకు తగ్గట్టు పైశ్రుతిలో ఎత్తుకుంటాడు, ఒకటిన్నర శ్రుతికి దించమను. పెద్దవాళ్లకు అందకపోతే మొదటి చరణానికే మానేసి చూస్తూ కూర్చుంటారు.

ఇక మీ అమ్మ పెళ్లి సంగతి. ఇది నీకు సగమే తెలుసు.

32 ఏళ్ల క్రితం, మే నెల. నాకు 27 ఏళ్లు, క్వయర్ నా చేతిలో ఉంది. చెల్లెలి పెళ్లి కదా, పాటలన్నీ నేనే ఎంచాను, ఎవరినీ అడగలేదు. అడగాలని తోచనే లేదు. మనం లూథరన్లం, మీ నాన్న వాళ్లు ఒంగోలు వైపు బాప్టిస్టులు, సంఘాలు వేరు, అయినా ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం రెండిళ్లలోనూ ఉంది, పుస్తకం ఒకటే అయితే పాటా ఒకటే అనుకున్నాను. సంతకాల దగ్గరకు నాకు ప్రాణమైన కీర్తన ఒకటి పెట్టాను. దాని పేరు రాయను, రాస్తే నీకూ ఆ పాట పాడైపోతుంది. మన చర్చిలో అది మామూలు ఆదివారాల్లో పాడుకుంటాం. నెమ్మదిగా నడుస్తుంది, మెత్తటి రాగం. నాలుగు గొంతుల్లో పాడించాలని నెల రోజులు సాధన చేయించాను, పెళ్లి పనులన్నీ మా నాన్న మీద వదిలేసి.

మొదటి చరణం అయ్యేసరికి ముందు వరసలో మీ నాయనమ్మ ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది. సంతోషం అనుకున్నాను. మా పాట ఆమె మనసుకు తాకిందనుకుని, చెయ్యెత్తి గొంతు పెంచమని క్వయర్‌కు సైగ చేశాను. ఆ చెయ్యెత్తడం ఇప్పటికీ నా కళ్ల ముందు నుంచి పోదు. రెండో చరణానికి ఆమె కూర్చున్న చోటే పక్కావిడ మీదికి ఒరిగిపోయింది. అప్పుడు చూశాను, ఒంగోలు నుంచి వచ్చిన వాళ్లలో ఒక్కరూ పాడటం లేదు. మీ నాన్న పెన్ను పట్టుకుని, సంతకం పెట్టకుండా, తలెత్తకుండా నిలబడి ఉన్నాడు. మీ అమ్మ ఆయన వైపు, నా వైపు మార్చి మార్చి చూస్తోంది. నేను ఆపలేదు. ఎందుకు ఏడుస్తున్నారో తెలియదు, ఆపడం ఎలాగో కూడా తెలియలేదు, నాలుగు చరణాలూ పాడించాను.

అంతకు ముందు ఆగస్టులో మీ తాతయ్య పోయారు. వాళ్ల ఊళ్లో ఆ పాట పెట్టె లేపేటప్పుడు పాడతారు. ఇంకెప్పుడూ పాడరు. ఇంటి గుమ్మం నుంచి సమాధుల తోట దాకా ఆ పాట పాడుకుంటూనే మోసుకెళ్తారు. భర్తను ఏ పాటతో సాగనంపిందో ఆ పాటను పది నెలలు తిరక్కుండానే కొడుకు పెళ్లిలో ఆమె ఎదురుగా మైకులో పాడించాను.

ఆ సాయంత్రం ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. రెండు రోజుల తర్వాత మీ నాన్నే నన్ను పక్కకు పిలిచి, "పాటలేంటని నేనైనా అడగాల్సింది బావా" అన్నాడు. తప్పు తన మీద వేసుకున్నాడు. మర్నాడు పొద్దున్నే బస్సెక్కి వాళ్ల ఊరు వెళ్లాను. మీ నాయనమ్మ నన్ను కూర్చోబెట్టి అన్నం పెట్టింది, గోంగూర, ఉల్లిపాయ వేసి. క్షమించమన్నాను. "నీకేం ఎరుక నాయనా, తిను" అంది. అంతకు మించి ఒక్క మాట లేదు, ఆ అన్నం ఎలా దిగిందో నాకే తెలియదు.

నేను భయపడింది ఆ తర్వాత జరిగింది. మీ అన్నకు ముందు ఒక బిడ్డ కడుపులోనే పోయిన సంగతి నీకు తెలుసు. చావుపాటతో మొదలైన కాపురం అన్నారు. ఎవరో బయటివాళ్లు కాదు, మనతో పాటు ప్రభువు బల్ల దగ్గర మోకరించే వాళ్లే అన్నారు. అది అబద్ధం బుజ్జమ్మా, ఏ పాటకూ ఆ శక్తి లేదు, దేవుడు అలాంటి లెక్కలు వేసేవాడు కాదు. కానీ తప్పు చేసింది నేను, మాట పడింది మా చెల్లి. ఇన్నేళ్లలో నన్ను ఒక్కసారి కూడా ఎత్తిపొడవలేదు, అందుకే నాకు ఇంకా నొప్పి. ఆ రోజుల్లో మంచం పట్టిన కోడలి పక్కన కూర్చుని, పరామర్శకు వచ్చి గొణిగిన ఆడవాళ్లతో మీ నాయనమ్మ, "ఏడిచింది నేను. ఈ పిల్లను ఏమన్నా అంటే మళ్లీ నా గడప తొక్కొద్దు" అందట. ఇది మీ అమ్మ నాకు చాలా ఏళ్ల తర్వాత చెప్పింది. చిన్నప్పుడు నువ్వు నాయనమ్మ గట్టిమనిషి, దగ్గరికి పోవాలంటే భయం అనేదానివి. ఆమె ఎలాంటి మనిషో నీకు తెలియాలి.

ఇప్పుడు నీ నాలుగో పాట. కొత్త పాట, బాగుంది, నీ ఈడు పిల్లలకు అది తోడు గురించిన పాటలా వినపడుతుంది. నేను దాన్ని గుంటూరులోనే రెండు జ్ఞాపకార్థ కూటాల్లో విన్నాను, పోయినవాళ్ల ఫొటోకు దండ వేసి ఉండగా. మూడో చరణం చదివావా? పల్లవి విని పెట్టేసుకున్నావు, నాకు తెలుసు. మన పాటల్లో చాలావాటికి చివరి చరణం మరణం వైపో పరలోకం వైపో తిరుగుతుంది. యాత్ర, ఆవలి ఒడ్డు, విశ్రాంతి, ఇలాంటి మాటలు ఎక్కడున్నా ఆగు. ప్రతి పాటనూ మొదటి నుంచి చివరి దాకా పైకి చదువు, పాడకు, చదువు. పాడితే రాగంలో మాట దాక్కుంటుంది.

అబ్బాయి వాళ్ల నాన్నగారు 2021లో కరోనాతో పోయారని మీ అమ్మ చెప్పింది. అందుకే రాత్రంతా మేలుకున్నాను. ఆ రోజుల్లో మనుషులను ఎలా సాగనంపామో నీకు గుర్తుంది కదా, నలుగురంటే నలుగురు, దూరంగా నిలబడి. ఆయన దగ్గర ఏ పాట పాడారో, ఫోనులో పెట్టారో, అసలు పాడనిచ్చారో లేదో మనకు తెలియదు. వాళ్లది మెదక్ వైపు. ఆ పెద్ద చర్చి 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠించింది, వందేళ్లు దాటింది. ఏ పాట ఎప్పుడు పాడాలన్నదానికి వాళ్ల అలవాట్లు వాళ్లకు ఉంటాయి, మన గుంటూరు లెక్క అక్కడ పనికిరాదు.

ఈ వారమే వెళ్లి మీ అత్తగారిని కలువు. ఫోనులో కాదు, ఎదురుగా కూర్చుని. అబ్బాయిని అడిగితే ఏదైనా పర్లేదంటాడు, మగపిల్లలకు ఇలాంటివి గుర్తుండవు, గుర్తున్నా చెప్పరు. లిస్టు తీసి చేతికివ్వకు, ఇస్తే మర్యాదకు బాగుందంటుంది. మీ ఇంట్లో పెళ్లిళ్లకు ఏం పాడతారు అత్తయ్యా అని మొదలుపెట్టు. ఆమె చెప్పనీ. తర్వాత మెల్లగా, మీకు వినడానికి కష్టంగా ఉండే పాట ఏదైనా ఉందా అని అడుగు. కళ్లనీళ్లు పెట్టుకుంటే కంగారుపడకు, మాట మార్చకు, పక్కనే కూర్చో. ఒకవేళ ఆమే, ఆయనకు ఇష్టమైన పాట పెళ్లిలో పాడమంటే పాడిద్దాం. ఆమె కోరి విన్నది వేరు, మనం చెప్పకుండా నెత్తిన వేసింది వేరు.

ఇంకొకటి. వాక్యానికి ముందు పాట ఖాళీగా ఉంచు, దాన్ని మీ అమ్మను అడిగి పెట్టు. తన పెళ్లికి ఏ పాట కావాలో నేను మా చెల్లిని కూడా అడగలేదని నిన్న రాత్రి నీ లిస్టు చూస్తుంటేనే తోచింది.

నేను రెండు రోజుల ముందే వస్తాను. తిత్తికి చిరుగు పడింది, తోలు వేయించడానికి ఇచ్చాను, శుక్రవారానికి ఇస్తానన్నాడు. మంగళం నేనే ఎత్తుకుంటాను, అది ఎవరికీ ఇవ్వకు. మీ అత్తగారితో మాట్లాడాక ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా సరే, మేలుకునే ఉంటాను.

మామయ్య