సెలైన్ సీసాల సంగతి

అమ్మాయ్,

వార్డు స్టోర్ నీ చేతికిచ్చారని విన్నాను. మాత్రలు, ఇంజెక్షన్ల లెక్క నువ్వు బాగానే చూసుకుంటావు, దాని గురించి నాకు బెంగ లేదు. సెలైన్ పెట్టెల గురించే ఈ ఉత్తరం. చూడ్డానికి నీళ్లలా ఉంటాయి కదా, వాటిని ఎవరూ మందుగా లెక్కచెయ్యరు. ఏ మూల ఖాళీ ఉంటే అక్కడ పడేస్తారు.

పెట్టెలు నేలమీద పెట్టనివ్వకు, ర్యాకుల్లోనే ఉండాలి. ఎండ తగలకూడదు. ఎంత వేడి వరకు ఫరవాలేదో లేబుల్ మీదే ఉంటుంది, చాలావాటికి 30 డిగ్రీలు. కొత్త సరుకు రాగానే తేలిగ్గా ఉంటుందని ముందు వరసలో సర్దేస్తారు. నువ్వు మాత్రం గడువు దగ్గరపడ్డవే ముందుకు తెప్పించు.

నాకు అన్నిటికంటే భయం పొటాషియం క్లోరైడ్, ఒంట్లో పొటాషియం తగ్గినవాళ్లకి సెలైన్‌లో కలిపే మందు. ఆ చిన్న ఆంప్యూల్, అదే మూతి విరిచి వాడే బుడ్డి, డిస్టిల్డ్ వాటర్ పక్కన ఉంటే, నైట్ డ్యూటీలో నిద్రకళ్లకు రెండూ ఒకటే. 15 శాతం మందున్న 10 మిల్లీలీటర్ల ఆంప్యూల్‌లో 20 మిల్లీఈక్వివలెంట్ల (లవణాల్ని కొలిచే లెక్క) పొటాషియం ఉంటుంది. పలచన చెయ్యకుండా ఒక్కసారిగా నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోవచ్చు. వీలైతే వార్డులో ఉంచనే ఉంచకు, అవసరమైనప్పుడు ఫార్మసీ నుంచి తెప్పించు. తప్పదంటే వేరే అల్మారా, తాళం, ఎర్ర లేబుల్. పెద్ద డాక్టరే విసుక్కున్నా ఈ విషయంలో మొహమాటపడకు.

తగిలించే ముందు సీసాని ఒక్కసారి గట్టిగా నొక్కి చూడమని నర్సు పిల్లలకి చెప్పు. ఎక్కడైనా చెమ్మ తగిలితే పక్కన పెట్టెయ్యాలి. వెలుతురుకెత్తి మెల్లగా తిప్పితే నలకలుంటే కనబడతాయి. మెదడు వాపు తగ్గడానికి ఎక్కించే మానిటాల్ చలికి పలుకులు కడుతుంది, అవి పూర్తిగా కరిగితే తప్ప ఎక్కించకూడదు.

గాలి కోసం ప్లాస్టిక్ సీసాకి సూది గుచ్చే అలవాటుంటే మానిపించు. ఆ కన్నంలోంచి గాలితోపాటు క్రిములూ వెళ్తాయి. గాలి కావాల్సిన సీసాకి ఎయిర్ వెంట్, అంటే గాలిని వడకట్టి పంపే దారి, ఉన్న గొట్టం సెట్ వాడాలి.

మందు కలిపితే పేరు, మోతాదు, టైమ్, సంతకం లేబుల్ మీద రాసి అంటించాలి. మార్కర్‌తో నేరుగా సంచి మీద రాయకూడదు. ఒకరికి పెట్టిన సీసాలో ఎంత మిగిలినా ఇంకొకరికి పెట్టకూడదు. "సగానికి పైనే ఉంది, వేస్ట్ కదా సిస్టర్" అంటారు. వాదించకు. మందు కలపని సెలైనే అయితే, వాళ్ల ఎదురుగానే సింకులో పొయ్యి.

నీ పెద్దమ్మ